జారుడుగట్టుకు ఘర్షణ మంజూరు

మీ దగ్గర దాచడం ఎందుకు, నేను ఘర్షణ పక్షం మనిషిని. పాలిటెక్నిక్‌లో చదివి, పాలిటెక్నిక్‌లోనే పాఠాలు చెప్పుకుంటూ ఈ మాట పైకి అనడానికి కొంచెం జంకుగానే ఉంటుంది. ఎందుకంటే మన చదువుల్లో ఘర్షణకు ఏమాత్రం మర్యాద లేదు. భౌతికశాస్త్రం పుస్తకం తెరిచి చూడండి. 'నున్నని వాలు తలముపై m ద్రవ్యరాశి గల దిమ్మె కలదు. ఘర్షణను ఉపేక్షించుము.' ఆ దిమ్మెకు ఊరు లేదు, పేరు లేదు, చేతిలో సంచీ లేదు. అది ఎక్కడికి బయలుదేరిందో, అక్కడ దానికేం పనో అడిగినవాళ్లు లేరు. జారమంటే జారుతుంది. జవాబు పుస్తకం చివర ఉంటుంది.

అంత నున్నని తలం లోకంలో ఎక్కడా ఉండదని, అది ఉత్త ఊహేనని పట్నం పిల్లలు అనుకుంటారు. పాపం, వాళ్లు మా ఊరికి రాలేదు.

మా ఊరు తునికిబండ. ములకలపల్లి దాటి భద్రాచలం అడవి వైపు తిరిగితే, అడవి మొదలయ్యే చోట ఎర్రమట్టి గట్టు ఒకటి దారికి అడ్డంగా లేచి ఉంటుంది. దాని పేరు జారుడుగట్టు. గట్టుకు ఇవతల బస్సు ఆగుతుంది, అవతల మేముంటాం. ఎండాకాలం అది మామూలు గట్టే. ఒక్క వాన పడిందంటే పూర్తిగా శాస్త్రసేవకు అంకితమైపోతుంది. మనుషులు, మేకలు, సైకిళ్లు, పెళ్లివారు, అందరూ m ద్రవ్యరాశి గల దిమ్మెలే. ఘర్షణను ఉపేక్షించే శ్రమ మాకు లేకుండా, ప్రభుత్వమే ముందుగా ఉపేక్షించి పెట్టింది.

ఊరివాళ్లు బస్సు దిగగానే చెప్పులు చేతిలో పట్టుకుని, కాలి వేళ్లు మట్టిలో గుచ్చుకుంటూ ఎక్కేవారు. కొత్తగా వచ్చిన బడిపంతులు ఎవరైనా బూట్లతో ఎక్కబోతే, ఆయన్ని మళ్లీ ఊళ్లో చూసేవాళ్లం కాదు. బదిలీ ఆర్డరు మాత్రం కనిపించేది.

ఇదంతా ఎనభైల చివరి మాట. మండలాలు కొత్తగా వచ్చి, ఏ ఆఫీసు ఏ ఊరికి పోయిందో జనం ఇంకా వెతుక్కుంటున్న రోజులు. మా మండలానికి ఒకే ఒక జూనియర్ కాలేజీ. అందులో ఎంపీసీ చదివే ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ లిదియా. సాయంత్రం బస్సు దిగేసరికి మసక చీకటి. గట్టు దాటాక ఊరిదాకా అడవే. ఎలుగుబంట్లకు కూడా అదే షికారు వేళ. నన్ను మా నాన్న మోటారుసైకిల్ మీద తీసుకెళ్లేవాడు. లిదియాను కూడా ఎక్కించుకుంటే బండి నడిగట్టు దాకా పోయి, ఆలోచించుకుని, వెనక్కి వచ్చేది. మొదటి సంవత్సరం ఇద్దరం అట్లా జారుకుంటూనే పాసయ్యాం. రెండో సంవత్సరం మొదలవుతుందనగా లిదియా తల్లి జోజమ్మకు ఓపిక అయిపోయింది. ఆమె దవాఖానాలో ఆయా. మాట కూడా సూది గుచ్చినట్టే ఉంటుంది.

"వానలు గట్టిగ పట్టేలోపల బస్సు గట్టెక్కి ఊళ్లెకు రావాలె," అంది. "రాకుంటే చదువు బంద్. ఇల్లందుల మా అక్క కుట్టుమిషన్ నేర్పుతనన్నది. గంతే. నడుమ లెక్కలు నాకు రావు."

కాబట్టి బస్సు గట్టెక్కాలి. ఊరంతా అర్జీ పెట్టుకుంటే డిపో నుంచి ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. 'బస్సును గట్టుపైకి పంపుటకు మాకెట్టి అభ్యంతరము లేదు. అయితే సదరు గట్టుపై తగినంత ఘర్షణ కలదని సంబంధిత శాఖవారు ధ్రువీకరించవలెను.'

సంబంధిత శాఖ అంటే రోడ్ల ఇంజనీరు వెంకటరామారావు గారు. చాలా నిక్కచ్చి మనిషి. సిమెంటు ఎంతుందో చెప్పగలరు, తారు ఎన్ని డ్రమ్ములో చెప్పగలరు. ఘర్షణ ఆయన స్టాకులో లేదు. స్టాకులో లేని వస్తువును ఉందని ఎలా ధ్రువీకరిస్తారు? గట్టెక్కి చూసి రావచ్చు కానీ, జీపు గట్టెక్కాలంటే ముందు రోడ్డు బాగుండాలి. అందుకని ఆయన, ఘర్షణ కొలిచి పంపమని మా కాలేజీకి రాశారు.

మా ఫిజిక్స్ లెక్చరర్ బసవపున్నయ్య గారు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. దేశం ఒక వాలు తలం గురించి ఆయన్ని సలహా అడగడం అదే మొదటిసారి.

ఇక్కడ మా ప్రయోగశాల గొప్పతనం కొంత చెప్పాలి. అందులో ఒక టేకు చెక్క, ఒక దిమ్మె ఉండేవి. చెక్కను ఒకవైపు మెల్లగా పైకి లేపుతూ, మీద పెట్టిన దిమ్మె ఎప్పుడు జారుతుందో చూడాలి. జారిన చోట కోణం కొలిచి, దానికి టాంజెంట్ కడితే వచ్చేదే ఘర్షణ గుణకం. ముద్దుగా మ్యూ. మ్యూ ఎంత ఎక్కువైతే పట్టు అంత ఎక్కువ. మా కాలేజీ మ్యూ 0.4. చెక్కకు పుచ్చు పట్టిన ఏడాది 0.4. చెక్క మీద ప్యూను టీ ఒలకబోసిన ఏడాది కూడా 0.4. మా సీనియర్లకు 0.4 వచ్చింది. వాళ్ల రికార్డు చూసి రాసుకున్న మాకూ 0.4 వచ్చింది. ఒక ప్రయోగం ఎవరు చేసినా, ఎప్పుడు చేసినా ఒకే ఫలితం రావడమే కదా శాస్త్రానికి గీటురాయి. ముందు జవాబు రాసుకుని, దానికి తగిన కోణాన్ని వెనక నుంచి కట్టుకుంటూ రావడం మా పద్ధతి. కోణమాపకం మీద ధూళి కూడా చెదిరేది కాదు.

"విలువ దానంతటది రాదమ్మా, తెప్పించుకోవాలి," అనేవారు సారు.

వేసవి సెలవులైనా క్లాసునంతా పిలిపించి, జారుడుగట్టు ఘర్షణ కూడా ఆ చెక్క మీదే కొలవాలని నిర్ణయం జరిగింది. క్లాసులో అందరికీ 0.4 వచ్చింది. కొందరికి చెక్కను బీరువాలోంచి తీయకముందే వచ్చింది.

లిదియా మాత్రం తన అన్నం డబ్బాలో గట్టు మట్టి తెచ్చింది. నీళ్లు పోసి పిసికి చెక్కకు మెత్తింది. దిమ్మె అడుగున పాత టైరు చెప్పు ముక్క కట్టింది. చెక్కను ఇంత లేపిందో లేదో, దిమ్మె ఇంటికి పోతున్నంత హుషారుగా జారింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. లెక్క కడితే 0.2.

"ఏంటమ్మా ఈ పేడ పని?" అన్నారు సారు.

"పేడ కాదు సార్. జారుడుగట్టు."

"చక్కటి చెక్క మీదికి గట్టెందుకు?"

"బస్సు చెక్క మీద పోదు గద సార్."

సారు మంచివారే. పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "చూడమ్మా. 0.4 రాస్తే బస్సు వస్తుంది. 0.2 రాస్తే రాదు. మీ అమ్మ ఏమందో నువ్వే చెప్పావు. నీకు మ్యూ కావాలా, చదువు కావాలా?"

లిదియా చేతికి అంటిన మట్టి ఓణీకి తుడుచుకుంది. అప్పటికే వాళ్ల ఇంట్లో ఇల్లందు ప్రయాణానికి రేకు పెట్టె అటక మీంచి దిగింది.

"0.4 రాస్తే బస్సు పైకొస్తది. వాన పడంగనే కిందికొస్తది," అంది. "అందుట్ల నేను గూడ ఉంట గద సార్."

సారు, ఏది తప్పయినా ఇంకోటి మిగులుతుందని రెండూ పంపారు. 'ఉండవలసిన ఘర్షణ 0.4. ఉన్న ఘర్షణ 0.2.' అది చూసి వెంకటరామారావు గారి ముఖం వెలిగిపోయిందట. ఉండవలసినదీ ఉన్నదీ తెలిస్తే, తేడా మంజూరు చేయడం ఏ ఆఫీసుకైనా వెన్నతో పెట్టిన విద్య. ఆర్డరు వచ్చింది. 'జారుడుగట్టునకు 0.2 ఘర్షణ మంజూరు చేయడమైనది. సదరు ఘర్షణను కంకర రూపమున సరఫరా చేయవలెను.'

జోజమ్మ ఆర్డరు చదివించుకుని విన్నది. "ఘర్షణ గూడ లారీలల్ల వస్తదా?" అని అడిగి, రేకు పెట్టెను మళ్లీ అటక మీద పెట్టించింది. కానీ తాళంచెవి కొంగునే ఉంచుకుంది.

కంకర లారీలు వచ్చాయి. ఆ ముందు రోజే ఎండాకాలపు వాన ఒకటి కొట్టిపోయింది. ఘర్షణ మోసుకొచ్చిన లారీలు ఘర్షణ లేక గట్టెక్కలేకపోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. గట్టు మొదట్లో, బస్సు ఆగే చోట, సర్పంచ్ వెంకటప్పయ్య గారి ఇల్లు ఉంది. వరసకు నాకు పెదనాన్న. గుంటూరు వైపు నుంచి వచ్చి పొగాకు వేసి పైకొచ్చిన మనిషి, పదిమందికి పనికొచ్చే మనిషి. ప్రజల కంకర నడిదారిలో దిక్కులేకుండా పడి ఉండటం చూడలేక, తాత్కాలికంగా తన వాకిట్లో దింపించుకున్నారు.

తాత్కాలిక కంకరను వారం తిరిగేసరికి చదును చేయించారు. ఆ తర్వాత రోలరు తిప్పించారు. పెదనాన్న వాకిట్లో ఎంత ఘర్షణ ఏర్పడిందంటే, కోళ్లు కూడా తల ఎత్తుకుని నడవడం మొదలుపెట్టాయి. మిగిలిన కంకర కుప్ప పోసి ఉంది. దానితో పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఒకటి కట్టే ఆలోచన ఉందని విన్నాను.

నేను ఉండబట్టలేక అడిగాను. "పెదనాన్నా, కంకర గట్టు మీదికి పోలేదేం?"

"పోతుందిలేవే. కంగారెందుకు? మన వాకిట్లో ఉన్నది ఎక్కడికి పోతుంది, కంకరకేమన్నా కాళ్లున్నాయా?"

"అదే పెదనాన్నా. కాళ్లుంటే ఈపాటికి గట్టెక్కేది."

"నిన్ను పాలిటెక్నిక్‌లో వేద్దామనుకుంటున్నాడు మీ నాన్న. ఈ నోటికి మగపిల్లల కాలేజీ కూడా చాలదు," అని పెదనాన్న ప్రేమగా దీవించారు. 'కంకరను గట్టుపై పరచడమైనది' అని సంతకం మాత్రం అప్పటికే చేసి ఉన్నారు. పక్కనే వెంకటరామారావు గారిది కూడా ఉంది. ఆయన గట్టును జీపులోంచే చూశారు. జీపు పెదనాన్న వాకిట్లో ఆగి ఉంది. చక్రాల కింద కంకర గరగరలాడింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ప్రారంభోత్సవం జూన్ మొదట్లో పెట్టారు. గట్టు ఎండి రాయిలా ఉంది. ఆ స్థితిలో బస్సు నిజంగానే ఎక్కేసేదని ఇప్పటికీ నా నమ్మకం. కానీ మేం మర్యాద తెలిసిన జనం. మా పెద్దమ్మ పద్మావతమ్మ గారు గట్టు వంక చూసి, "కొత్త బస్సు ఊళ్లోకొస్తుంటే పొడి నేల మీద రమ్మంటామా? పిలిచి అవమానించినట్టు ఉండదూ?" అన్నారు. ఇంటికి చుట్టం వస్తేనే కల్లాపి చల్లి ముగ్గు పెడతాం. బస్సంటే ఊరి మొత్తానికి చుట్టం. పెదనాన్న ట్రాక్టరు ట్యాంకరులో పేడనీళ్లు కలిపి, గట్టు కింద నుంచి పై దాకా చిక్కగా కల్లాపి చల్లించారు. దాని మీద పెద్దమ్మ దగ్గరుండి, ఆడవాళ్ల చేత బస్సు వెడల్పున ముగ్గులు వేయించారు. లిదియా వచ్చి వద్దని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది.

"తడి మీద 0.2 ఉంటదమ్మా. ఇది పేడ, ఇంక తక్కువుంటది."

"శుభమా అని ముగ్గేస్తుంటే అంకెలేంటమ్మా," అన్నారు పెద్దమ్మ. "ఆ చుక్కలు కలుపు."

సభలో ముందు వెంకటరామారావు గారు మాట్లాడారు. ఘర్షణ అనేది స్వాతంత్ర్యం వచ్చినా ఇన్నేళ్లూ పట్టణాలకే పరిమితమైందని, ఇవాళ అది అడవి అంచుకు చేరిందని చెప్పారు. తర్వాత బసవపున్నయ్య సారు లేచారు. "సోదరులారా, వాలు తలం లెక్కలో ద్రవ్యరాశి రెండు వైపులా రద్దయిపోతుంది. అంటే బస్సులో ఒకరున్నా నూరుగురున్నా ఒకటే. బరువు గురించి దిగులు పడవద్దు. శాస్త్రం దాన్ని కొట్టేసింది." శాస్త్రం కొట్టేశాక ఇంకేం, పెద్దలు లోపల ఎక్కారు, వార్డు మెంబర్లు తలుపు పట్టుకుని వేలాడారు, మిగిలినవాళ్లు టాపు మీదికి చేరారు. బాజా మేళం బస్సుకు ముందు నడిచింది. జోజమ్మ ఎక్కలేదు. లిదియాను చెయ్యి పట్టుకుని, పెదనాన్న ఇంటి పక్కన చింతచెట్టు కింద నిలబడింది.

డ్రైవరు రాందాస్ కల్లాపి వంక చాలాసేపు చూశాడు. "ముగ్గు తొక్కుడు నాకు పాపం తగలదా సార్?" అని అడిగాడు. తగలదని వెంకటరామారావు గారు అక్కడికక్కడే మౌఖికంగా ఉత్తర్వు ఇచ్చారు.

బస్సు ముగ్గుల మీదుగా గంభీరంగా బయలుదేరింది. నడిగట్టు దాకా పోయింది. అక్కడ చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి గానీ బస్సు ఆగిపోయింది. తర్వాత, ఏ తొందరా లేకుండా, వెనక్కి బయలుదేరింది.

"రాందాస్, బ్రేకు, బ్రేకు," అన్నారు లోపలి పెద్దలు.

"బ్రేకు తొక్కే ఉన్న సార్. చక్రం ఆగింది. గట్టే ఆగుతలేదు."

బాజావాళ్లు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఊరేగింపు అటే పోతోందని గ్రహించి, వాళ్లూ తిరిగి బస్సు వెంట వాయించుకుంటూ దిగారు. బస్సు అరటిబోదెల పందిరిని వెంట తెచ్చుకుని, ముగ్గుల్ని పొడవుగా సాగదీసుకుంటూ, పెదనాన్న ఇంటి ప్రహరీ గేటును వీపుతో తోసుకుని వాకిట్లోకి వచ్చింది. వెనక చక్రాలు కంకరను తాకాయి. గర్రుమని ఒక్క చప్పుడు. ఎవరో చేత్తో పట్టుకున్నట్టు బస్సు ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోళ్లు తప్పుకున్నాయి.

బాజాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో లిదియా మాట అందరికీ వినపడింది.

"దొరికింది సార్. మిగతా 0.2 ఈడుంది."

విచారణ సంఘం వేశారు. ప్రజాస్వామ్యంలో జారినా పద్ధతిగానే జారాలి. సంఘం పెదనాన్న ఇంట్లోనే భోంచేసి, వాకిట్లోనే కుర్చీలు వేసుకుని తేల్చింది ఏమంటే: ఘర్షణ మంజూరైన మాట వాస్తవం. అది సరఫరా అయిన మాట వాస్తవం. బస్సును ఆపినది ఘర్షణే కనుక, ఘర్షణ తన పని తాను చేసింది. కాబట్టి ఇందులో లోపం లేదు. అయితే ఘర్షణ ఎక్కడ ఉన్నట్టు రుజువైందో బస్సు అక్కడే ఆగడం క్షేమం. కనుక శాశ్వత స్టాపు వెంకటప్పయ్య గారి వాకిలి. తనంత తానుగా స్థలం ఇచ్చినందుకు వారికి కృతజ్ఞతలు.

అంటే బస్సు ఎప్పుడూ ఆగే చోటు నుంచి పాతిక అడుగులు ఇంకా వెనక్కి పోయింది. మా ఊరి అభివృద్ధిలో అది ఒక మైలురాయి.

ఆ సాయంత్రం జోజమ్మ రేకు పెట్టె దించింది. ఇల్లందు అక్కకు కబురు పోయింది. లిదియా పెట్టెలో బట్టలు పెట్టలేదు. వాకిట్లో కూర్చుని వాళ్లమ్మను ఒక్కటే అడిగింది. "అమ్మా, కంకర గట్టు మీదుందని పెద్ద పెద్దోళ్లు సంతకాలు పెట్టిన్రు. మరి సర్పంచ్ సార్ వాకిట్ల ఉన్నదేంది?"

జోజమ్మకు నడుమ లెక్కలు రావని ముందే చెప్పాను కదా. చివరి జవాబు మాత్రం చప్పున వచ్చింది.

మర్నాడు పొద్దున బస్సు వేళకు ఆమె గంప తీసుకుని పెదనాన్న వాకిట్లోకి వెళ్లింది. లిదియా పార పట్టుకుంది. వెనక నేను కూడా వెళ్లాను, చూడటానికి. పెదనాన్న పళ్లు తోముకుంటూ బయటికి వచ్చారు.

"ఏమ్మా, ఏంటది? ఎవరి కంకర ఎత్తుతున్నారు?"

"ఏ కంకర సార్?" అంది లిదియా. "కంకరంత గట్టు మీద పరిచినమని మీరే సంతకం పెట్టిన్రు గద. ఈడ కంకర లేదు."

పెదనాన్న వేపపుల్ల నోట్లోంచి తీశారు. వాకిట్లో కంకర ఉందంటే సంతకం అబద్ధం. సంతకం నిజమంటే వాకిట్లో కంకర లేదు. ఆయన జీవితంలో భౌతికశాస్త్రం చదవలేదు గానీ, వాలు తలం మీద నిలబడ్డ సంగతి అరికాళ్లకు తెలిసింది.

"లేదు," అన్నారు చివరికి.

"అవ్, లేదు," అంది జోజమ్మ గంప నెత్తికెత్తుకుంటూ. "లేనిదాన్ని జల్దీ ఎత్తుకపోతం. నువ్వు ముఖం కడుక్కో పటేలా."

ఆ రోజు నుంచి మా ఊళ్లో కొత్త ఆచారం పుట్టింది. బస్సు దిగినవాళ్లు ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో లేని కంకర పట్టుకుని గట్టెక్కేవాళ్లు. నడిగట్టున పోసి, కాలితో తొక్కి, ఇంటికి పోయేవాళ్లు. సంచీలో పోసుకునేవాళ్లు కొందరు, టవల్లో మూట కట్టుకునేవాళ్లు కొందరు. బడిపంతులు బూట్లలో తెచ్చాడు. రాందాస్ అన్నం డబ్బా ఖాళీ అయ్యాక అందులో పోసుకుపోయేవాడు. పెద్దమ్మ ముగ్గు వేద్దామని చూస్తే వాకిట్లో మళ్లీ మట్టి తేలింది. జోరు వానలు పట్టేసరికి, ఒక సాయంత్రం, లోపల లిదియా కూర్చుని ఉండగా, బస్సు గట్టెక్కి తునికిబండలో ఆగింది. జోజమ్మ ఎదురొచ్చి, చక్రానికి అంటిన కంకర గిల్లి చూసి, తాళంచెవి లిదియా చేతిలో పెట్టింది.

బస్సు గట్టెక్కిన వార్త తెలియగానే మా కాలేజీలో సభ జరిగింది. బస్సు ఎక్కింది కాబట్టి గట్టు మ్యూ 0.4 అని, అంటే మొదటి నుంచీ కాలేజీ విలువే సరైనదని తేలింది. బసవపున్నయ్య సారుకు శాలువా కప్పారు. పెదనాన్నకు ఘర్షణ దాత అని బిరుదు ఇచ్చారు. ఆ చెక్కకు కూడా వార్నిష్ వేశారు. ఆ ఏడు ప్రాక్టికల్స్‌లో మా క్లాసులో తక్కువ మార్కులు లిదియావే. ఆమె రికార్డులో 0.2 ఉందని, పైగా పేజీకి మట్టి అంటిందని పరీక్షాధికారి గుర్తించారు. ఆమె ఇప్పుడు అశ్వారావుపేట వైపు రోడ్ల పని చూస్తోంది. ఆ రోడ్ల మీద కల్లాపి చల్లనివ్వదని జనం చెడ్డగా చెప్పుకుంటారు.

ఇక మీ వంతు. మీ ఊళ్లో కూడా ఒక గట్టు ఉండే ఉంటుంది. దానికి మంజూరైన ఘర్షణ ఎవరి వాకిట్లో దిగిందో, మీ బస్సు వెనక్కి జారి ఎవరి గేటు ముందు ఆగిందో, వివరంగా రాసి పంపండి. ఉన్నదున్నట్టు రాయండి, మట్టి అంటినా ఫరవాలేదు. 0.4 వచ్చినవాళ్లు మాత్రం రాయనక్కర్లేదు. నేను పాఠం చెప్పే ల్యాబులో రికార్డులు దిద్దుతున్నాను. మీ 0.4లన్నీ ఇప్పటికే నా బల్ల మీదే ఉన్నాయి.